బానిసలుగా బతికినవాళ్ల ఇళ్లు: చూడ్డానికి వెళ్లేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

నేను ఉండేది అమెరికాలో, నార్త్ కరొలినా రాష్ట్రంలో, రాలీ-డర్హమ్ వైపు. ఇండియా నుంచి ఎవరొచ్చినా గుడి, బీచ్, కొండలు చూపించాక ఒక పూట డర్హమ్ ఊరి చివర ఉన్న స్టాగ్‌విల్ అనే పాత ప్లాంటేషన్‌కి, అంటే బానిసత్వంలో ఉన్నవాళ్లతో సాగు చేయించిన పెద్ద ఎస్టేటుకి, తీసుకెళ్తాను. ఒకప్పుడు బానిసత్వంలో ఉన్న నల్లజాతి కుటుంబాలు కాపురం చేసిన ఇళ్లు అక్కడ ఇంకా నిలబడే ఉన్నాయి. తిరిగొచ్చేటప్పుడు కారులో వచ్చే ప్రశ్నలు దాదాపు ప్రతిసారీ ఒకటే. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు అన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. మీరు అట్లాంటాలో ఉన్నా, షార్లెట్‌లో ఉన్నా, న్యూ ఆర్లీన్స్ చూడ్డానికి వెళ్తున్నా పనికొస్తాయి.

అసలు ఆ ఇళ్లు ఎలా ఉండేవి?

ఎక్కువ చోట్ల ఒకటే గది. చెక్క గోడలు, పదహారడుగుల పొడవు, ఇంచుమించు అంతే వెడల్పు, ఒక పక్క పొయ్యి. వంటా అందులోనే, పడకా అందులోనే, చలికాలం పిల్లలు ముడుచుకునేదీ ఆ పొయ్యి ముందే. చాలావాటికి మట్టి నేల. కిటికీకి అద్దం ఉండదు, మూసుకోడానికి చెక్క తలుపు ఉంటుంది, అంతే. రెండు గదులు వీపులు ఆనించుకున్నట్టు కట్టి మధ్యలో ఒకే చిమ్నీ పెట్టిన ఇళ్లు కూడా చాలా కనిపిస్తాయి. గదికో కుటుంబం.

అన్నీ ఒకలాగే ఉండేవని మాత్రం అనుకోకండి. ఫ్లోరిడాలో కింగ్‌స్లీ ప్లాంటేషన్‌కి వెళ్తే ఆల్చిప్పలు కాల్చి తీసిన సున్నంలో ఇసుక, మళ్లీ ఆల్చిప్పలే కలిపి పోసిన గోడలు కనిపిస్తాయి. మన కోస్తా జిల్లాలవాళ్లకి గుల్ల సున్నం అంటే వెంటనే అర్థమవుతుంది. అక్కడ 32 ఇళ్లు అర్ధచంద్రాకారంలో కట్టించారు, 25 ఇళ్ల గోడలు ఇప్పటికీ మిగిలాయి. చార్ల్‌స్టన్, సవానా లాంటి పట్నాల్లో అయితే మేడ వెనక వంటింటి మీదో, గుర్రపు బళ్లు పెట్టే షెడ్డు మీదో ఉన్న గదుల్లో ఉంచేవారు. యజమాని ఉండే పెద్దింటి కిటికీలోంచి చూస్తే వాళ్లు ఎక్కడ నిలబడ్డారో, ఎవరితో మాట్లాడుతున్నారో కనిపించేది. పట్నంలో ఉన్నవాళ్లకి గదైనా ఉంది కదా అనేవాళ్లు ఈ ఒక్క విషయం ఆలోచించాలి.

స్టాగ్‌విల్‌లో హార్టన్ గ్రోవ్ అనే చోట 1850ల ప్రాంతంలో కట్టిన ఇళ్లు వేరే రకం. రెండంతస్తులు, నాలుగు గదులు, నేలకి కాస్త ఎత్తులో, చెక్క చట్రం మధ్య ఇటుక పేర్చి. ఇవి చూసి "పర్వాలేదే, బాగానే చూసుకున్నారు" అనేస్తారు చాలామంది. ఒక్కో గదిలో ఒక్కో కుటుంబం మొత్తం ఉండేదని చెప్పాక కాసేపు మాట్లాడరు. మనిషి జబ్బు పడితే యజమానికి పని నష్టం, చచ్చిపోతే ఆస్తి నష్టం. ఇల్లు ఎత్తు మీద కట్టించడం వెనకున్న లెక్క అది.

అంత మంది ఉండేవారు కదా, మరి ఇంత తక్కువ ఇళ్లు మిగిలాయేం?

1860 జనాభా లెక్కల ప్రకారం అమెరికాలో బానిసత్వంలో ఉన్నవాళ్లు 39,53,760 మంది. ఆ ఏడాది బానిసల పట్టికలో యజమాని పేరు పక్కన ఇళ్లెన్ని అని ఒక గడి కూడా ఉంది. అంటే ఇళ్లు లెక్కపెట్టారు. మనుషుల పేర్లు మాత్రం రాయలేదు.

ఆ ఇళ్లలో చాలా భాగం ఇప్పుడు లేవు. చెక్క పుచ్చింది, చెద పట్టింది, కొన్ని కాలిపోయాయి. కానీ అసలు కారణం అది కాదు. అదే కాలంలో, అదే చెక్కతో కట్టిన పెద్దిళ్లు వందల్లో నిలబడి ఉన్నాయి. వాటికి ఎప్పటికప్పుడు పైకప్పు మార్చారు, రంగు వేశారు, వాటి కోసం సంఘాలు పెట్టి చందాలు పోగు చేశారు. వెనకున్న చిన్న ఇల్లు ఎవరికీ పట్టలేదు. కొన్నిచోట్ల పనిముట్ల షెడ్డు అయింది, కొన్నిచోట్ల పార్కింగ్ కోసం తీసేశారు.

మిగిలిన వాటిలో చాలా ఇళ్లు ఎందుకు మిగిలాయో తెలుసా, అందులో మనుషులు ఉంటూనే ఉన్నారు కాబట్టి. 1865 డిసెంబర్‌లో రాజ్యాంగ సవరణతో బానిసత్వం పోయింది గానీ భూమి చేతికి రాలేదు. పంటలో వాటా ఇచ్చే ఒప్పందం మీద అదే పొలంలో పనిచేస్తూ అవే ఇళ్లలో ఉండిపోయారు. చార్ల్‌స్టన్ దగ్గర మెక్‌లియోడ్ ప్లాంటేషన్‌లో 1990 దాకా ఆ ఇళ్లలో అద్దెకి ఉన్నారు. ఆ ఊరి దగ్గరే ఉన్న మాగ్నోలియా ప్లాంటేషన్‌లోనూ 1990ల వరకు ఉన్నారు. 1990 అంటే మన ఇళ్లలో కలర్ టీవీ ఉన్న రోజులు.

ఇటుకల మీద వేలిముద్రలు ఉంటాయంటారు, నిజమేనా?

నిజం. స్టాగ్‌విల్‌లో నేను కళ్లారా చూశాను. నన్నడిగితే, మొత్తం తిరిగి చూసినదంతా ఒక ఎత్తు, అదొక్కటీ ఒక ఎత్తు.

ఇటుక పని తెలిసినవాళ్లకి ఇది సులభంగా అర్థమవుతుంది. మట్టి తొక్కి, అచ్చులో కొట్టి, పచ్చి ఇటుకని నేల మీద బోర్లిస్తారు. రెండు రోజులు ఎండాక తిరగెయ్యాలి, లేకపోతే ఒక పక్కే ఎండి వంకర పోతుంది. ఆ తిరగేసేటప్పుడు ఇటుక ఇంకా మెత్తగానే ఉంటుంది. పట్టుకున్న చోట వేళ్లు దిగుతాయి. తర్వాత బట్టీలో కాల్చితే ఆ గుర్తు రాయిలా అయిపోతుంది. చిమ్నీ ఇటుకల్లో అలా మూడు వేళ్లు, నాలుగు వేళ్లు వరసగా దిగిన గుంటలు కనిపిస్తాయి. గైడ్ టార్చిలైటు పక్క నుంచి వేస్తే నీడ పడి ఇంకా బాగా తెలుస్తాయి.

పోయినసారి మా అత్తయ్యని తీసుకెళ్లాను. ఆవిడ ఇటుక బట్టీలున్న ఊళ్లో పుట్టి పెరిగారు. గైడ్ ఇంగ్లిష్‌లో చెప్తున్నది పూర్తిగా అర్థం కాకపోయినా, ఆ గుర్తు దగ్గరికి చెయ్యి తీసుకెళ్లి, తాకకుండా, తన వేళ్లు పక్కన పెట్టి చూసుకుని, "ఇది పెద్దవాళ్ల చెయ్యి కాదమ్మా, తిరగేసే పని పిల్లల చేతే చేయిస్తారు" అన్నారు. గైడ్‌కి నేను అది ఇంగ్లిష్‌లో చెప్పాను. ఆ అమ్మాయి తలూపి, ఇలాంటి ముద్రల్లో చాలావాటి గురించి తామూ అదే చెప్తామంది. వర్జీనియాలో మాజీ అధ్యక్షుడు జేమ్స్ మాడిసన్ ఇల్లు మాంట్‌పెలియర్‌లో కూడా ఇటుకల మీద ఇలాంటి వేలిముద్రలే దొరికాయి.

ఆ పిల్లో పిల్లాడో ఎవరో ఏ కాగితంలోనూ లేదు. ఆ ఇటుక పోతే ఆ మనిషి ఉన్నట్టు చెప్పడానికి ఇంకేమీ లేదు.

ఫోటోలు, వీడియోలు, త్రీడీ స్కాన్లు తీసుకుని దాచుకోవచ్చు కదా? ఇల్లే ఎందుకు నిలబెట్టాలి?

తియ్యాలి, తీస్తున్నారు కూడా. కానీ ఇల్లు పడగొట్టాక ఫోటోని కొత్త ప్రశ్న అడగలేం. సవానాలో ఓవెన్స్-థామస్ ఇంటి వెనక గదుల్లో పైకప్పుకి పాత నీలం రంగు దొరికింది. నీలిమందు, సున్నం, మజ్జిగ కలిపి వేసిన రంగు. దెయ్యాలు, చెడు గాలి లోపలికి రాకుండా అలా వేసుకునేవారని అక్కడి నమ్మకం. ఎవరూ వేయించలేదు, వాళ్లకి వాళ్లు కావాలనుకుని వేసుకున్న రంగు అది. అన్నేళ్లు ఆ ఇంట్లోనే ఉండిపోయింది. ఇల్లు లేకపోతే అది తెలిసేదే కాదు.

అలాగే నేల కింద. 1968లో చార్ల్స్ ఫెయిర్‌బ్యాంక్స్ అనే పురావస్తు శాస్త్రవేత్త కింగ్‌స్లీ ప్లాంటేషన్‌లో ఆ ఇళ్ల దగ్గర తవ్వకాలు మొదలుపెట్టారు. అప్పటిదాకా ప్లాంటేషన్ అంటే అందరూ పెద్దింటి చుట్టూ తవ్వేవారే. తర్వాత ఎన్నోచోట్ల నేలలో చిన్న గుంటలు, వాటిలో దాచుకున్న పూసలు, గుండీలు, విరిగిన గిన్నెలు, తిన్న చేపల ముళ్లు బయటపడ్డాయి. వాళ్లకిచ్చే రేషన్‌లో లేని తిండి ఏం తిన్నారో, రాత్రిళ్లు ఏం పట్టి తెచ్చుకున్నారో దాన్ని బట్టే తెలిసింది.

వాళ్ల పేర్లు ఎలా తెలుస్తాయి?

కష్టపడితే కొన్ని తెలుస్తాయి. 1850, 1860 బానిసల పట్టికల్లో మనిషి గురించి వయసు, ఆడా మగా, రంగు, దాదాపు ఇంతే. 1870 జనాభా లెక్కల్లో మొదటిసారి వాళ్ల పేర్లు అందరి పేర్లలాగే రాశారు. అందుకే ఇక్కడి నల్లజాతి కుటుంబాలు తాతముత్తాతల్ని వెతుక్కుంటూ వెనక్కి పోతుంటే చాలామందికి 1870 దగ్గర దారి మూసుకుపోతుంది.

అక్కడి నుంచి వెనక్కి పోవాలంటే యజమాని కాగితాలే దిక్కు. వీలునామాలు, అప్పుల పత్రాలు, ఆస్తి పంపకాల జాబితాలు. ఆవు ఇంత, మంచం ఇంత, ఫలానా పేరు గల అమ్మాయి ఇంత అని ఒకే పేజీలో వరసగా రాసి ఉంటుంది. ఆ పేజీ చదివినవాళ్లు ఎవరైనా ఒక్క క్షణం ఆగిపోతారు. స్టాగ్‌విల్ యజమానులైన బెనహన్, కామెరన్ కుటుంబాల కాగితాలు చాపెల్ హిల్‌లోని యూనివర్సిటీ లైబ్రరీలో ఉన్నాయి. 1860 నాటికి వాళ్ల భూములు దాదాపు 30 వేల ఎకరాలు, వాళ్ల కింద బానిసత్వంలో ఉన్నవాళ్లు దాదాపు 900 మంది. ఆ పట్టీల్లోంచి పేర్లు ఏరి, తల్లి ఎవరు, పిల్లలెవరు అని కలుపుకుంటూ వచ్చారు. 1844లో పాల్ కామెరన్ 114 మందిని నార్త్ కరొలినా నుంచి అలబామాలో కొన్న కొత్త పొలానికి పంపించాడు. ఇక్కడ ఉండిపోయిన అమ్మానాన్నల్నీ, అక్కచెల్లెళ్లనీ వదిలి. స్వేచ్ఛ వచ్చాక ఆ వెళ్లినవాళ్లలో కొందరు అక్కడి అదే భూమిని కొనుక్కున్నారు.

ఇంకో దారి, వాళ్ల నోటి మాట. 1936 నుంచి 1938 వరకు ప్రభుత్వం మనుషుల్ని పంపి, బతికున్న ముసలివాళ్ల దగ్గర జ్ఞాపకాలు రాయించింది. 2,300కి పైగా కథనాలు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ఉన్నాయి, ఆన్‌లైన్‌లో ఉచితంగా చదవచ్చు. అబ్నర్ జోర్డన్, డాక్ ఎడ్వర్డ్స్, సై హార్ట్ అనే ముగ్గురు స్టాగ్‌విల్ గురించే చెప్పారు. చదివేటప్పుడు ఒకటి గుర్తుపెట్టుకోండి. అడిగినవాళ్లలో ఎక్కువమంది తెల్లవాళ్లు, చెప్పినవాళ్లు కరువు రోజుల్లో, వివక్ష చట్టాల కింద బతుకుతున్న వృద్ధులు. "మా దొర మంచివాడు" అని ఉన్నచోట ఎవరితో, ఏ భయంతో అన్నారో కూడా కలిపి చదవాలి.

"బానిసలు" అనొచ్చా, అనకూడదా?

ఇంగ్లిష్‌లో ఇప్పుడు ఇలాంటి చోట్ల చాలావరకు ఆ మాట మానేశారు. బానిసత్వం వాళ్లకి జరిగింది, వాళ్లు అది కాదు అన్నది ఉద్దేశం. తెలుగులో నేను "బానిసత్వంలో ఉన్నవాళ్లు", "బానిసలుగా పెట్టుకున్న మనుషులు" అంటాను. ప్రతి వాక్యంలోనూ అలా రాయడం కుదరదు, నాకూ కుదరట్లేదు. వీలైన చోటల్లా వడ్రంగి, కమ్మరి, మంత్రసాని, వంటామె అని వాళ్ల పనితో, తెలిస్తే పేరుతో చెప్పడం ఇంకా మంచిది.

"పనివాళ్లు" అని మాత్రం అనకండి. మా చుట్టాల్లో ఒకాయన "అంటే సర్వెంట్ క్వార్టర్సేగా" అన్నారు. పనివాళ్లకి జీతం ఉంటుంది, నచ్చకపోతే మానేసి పోవచ్చు. వీళ్లకి ఒడిలో పిల్ల కూడా సొంతం కాదు.

జోసెఫ్ మెక్‌గిల్ అనే ఆయన ఆ ఇళ్లలో రాత్రిళ్లు పడుకుంటారట. ఎందుకు?

సౌత్ కరొలినా వాసి. చారిత్రక కట్టడాల పరిరక్షణలో పనిచేస్తూ, చిన్న ఇళ్లు మాత్రం ఎవరూ కాపాడట్లేదని గమనించి, 2010లో మాగ్నోలియా ప్లాంటేషన్‌లోని ఒక చెక్క ఇంట్లో రాత్రి పడుకున్నారు. స్లేవ్ డ్వెల్లింగ్ ప్రాజెక్ట్ అలా మొదలైంది. తర్వాత 20కి పైగా రాష్ట్రాల్లో, 150కి పైగా చోట్ల పడుకున్నారు. స్లీపింగ్ బ్యాగు పరుచుకుని, నేల మీదే. పడుకునే ముందు బయట మంట వేసుకుని వచ్చినవాళ్లంతా చుట్టూ కూర్చుని మాట్లాడుకుంటారు. వాళ్లలో ఆ ఇంట్లో బతికినవాళ్ల వారసులుంటారు, ఒక్కోసారి యజమానుల వారసులూ ఉంటారు.

ఇది పేరు కోసం చేసే పని అనుకునేవాళ్లున్నారు. నేను అనుకోను. ఒక మనిషి వచ్చి పడుకుంటానంటే, యజమాని ముందు ఆ ఇంటి తాళం తీయాలి, లోపలి సామాను తీయాలి, పైకప్పు కారుతుందేమో చూడాలి. ఇది నిలబెట్టాల్సిన ఇల్లు అన్న ఆలోచన అక్కడ మొదలవుతుంది.

బాగుచెయ్యడం అంటే కొత్తగా చెయ్యడమేనా?

కాదు, అక్కడే ఎక్కువ పొరపాట్లు జరుగుతాయి. సున్నంతో కట్టిన పాత గోడకి సిమెంటు పెడితే లోపలి చెమ్మ బయటికి పోలేదు, సిమెంటు గట్టిగా ఉండి మెత్తటి పాత ఇటుకే పొరలు పొరలుగా రాలిపోతుంది. మన ఊళ్లలో పాత గుళ్లకి సిమెంటు పూసి, పైన ఆయిల్ పెయింట్ వేసి ఏం చేసుకున్నామో చూస్తూనే ఉన్నాం. అందుకే సున్నానికి సున్నమే వాడాలి, పుచ్చిన దూలం ఉంటే పుచ్చినంత మేర కోసి అదే జాతి చెక్క అతకాలి.

అసలు ప్రశ్న ఏ కాలానికి బాగుచెయ్యాలన్నది. 1850 నాటికా, లేక 1920లో గోడకి చలి ఆపడానికి న్యూస్‌పేపర్లు అతికించుకున్న నాటికా? మాగ్నోలియాలో ఒక్కో ఇంటిని ఒక్కో కాలానికి బాగుచేశారు, స్వేచ్ఛ వచ్చాక బతికిన బతుకు కూడా కనిపించేలా. నాకు అది చాలా నచ్చింది. 1850కి తీసుకెళ్తామని తర్వాతి వందేళ్లు చెరిపేస్తే, ఆ న్యూస్‌పేపర్ అంటించిన ఆవిడ ఏమైపోవాలి?

ఇంటిని విప్పి మ్యూజియంలోకి తీసుకెళ్లడం సరైనదేనా?

సౌత్ కరొలినాలో ఎడిస్టో దీవిలోని పాయింట్ ఆఫ్ పైన్స్ ఇంటిని 2013లో చెక్క చెక్కా విప్పి వాషింగ్టన్‌కి తెచ్చారు. 2016 సెప్టెంబర్‌లో తెరిచిన నేషనల్ ఆఫ్రికన్ అమెరికన్ మ్యూజియంలో మళ్లీ నిలబెట్టారు. శిథిలమైపోయే ఇల్లు, లక్షలమంది చూస్తున్నారు, కాబట్టి ఆ సందర్భంలో మంచి పనే. కానీ ఎక్కడి ఇల్లు అక్కడే ఉంటే బాగుంటుంది. పెద్దింటికి ఎంత దూరంలో ఉంది, పొలం ఎటు, నీళ్లెక్కడి నుంచి మోసుకొచ్చేవారు, ఇవి ఏసీ హాల్లో తెలియవు.

ఇలాంటి చోట్ల పెళ్లిళ్లు చేస్తున్నారు కదా, తప్పా?

నా ఉద్దేశంలో చెయ్యకూడదు. మనవాళ్లలో కూడా సంగీత్‌కో, ఎంగేజ్‌మెంట్ ఫోటోషూట్‌కో తెల్ల స్తంభాల మేడ బాగుందని ప్లాంటేషన్ బుక్ చేసేవాళ్లున్నారు. చాలామంది తెలియక చేస్తారు, కోపం అక్కర్లేదు, చెప్తే మానేస్తారు. 2022లో మిసిసిప్పీలో ఇలాంటి ఒక పాత ఇంటిని బాత్‌టబ్బూ, టైల్సూ పెట్టి సెలవుల బసగా అద్దెకిచ్చారని బయటపడి పెద్ద గొడవే అయింది.

వర్జీనియాలో అధ్యక్షుడు జెఫర్సన్ ఇల్లు మాంటిసెల్లోలో, ఆయన కింద బానిసత్వంలో ఉన్న శాలీ హెమింగ్స్ అనే ఆవిడ ఉన్నదిగా భావిస్తున్న గదిని 1941లో సందర్శకుల కోసం టాయిలెట్‌గా మార్చారు. దాన్ని తీసేసి, తవ్వి చూసి, 2018లో ఆమె గురించి చెప్పే గదిగా తెరిచారు.

ఎవరు నిర్ణయించాలి, ఎవరు ఖర్చు పెట్టాలి?

నిర్ణయంలో, ఆ ఇళ్లలో బానిసత్వంలో బతికినవాళ్ల వారసులు ఉండాలి. మాంట్‌పెలియర్‌లో 2021లో ఆ స్థలాన్ని నడిపే బోర్డులో వారసులకి సగం వాటా ఇస్తామని ఒప్పుకుని, 2022లో వెనక్కి తగ్గబోతే దేశమంతా గొడవ చేస్తే మళ్లీ దారికొచ్చారు. డబ్బు సంగతికొస్తే కొంత రాష్ట్రాలు, కొంత నేషనల్ పార్క్ సర్వీస్, కొంత విరాళాలు. 2017లో చారిత్రక కట్టడాల్ని కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ నల్లజాతి వారసత్వ స్థలాల కోసం విడిగా నిధి పెట్టింది. లూసియానాలో విట్నీ ప్లాంటేషన్‌ని అయితే జాన్ కమింగ్స్ అనే లాయర్ సొంత డబ్బుతో బాగుచేయించి 2014లో తెరిచారు. అక్కడ టూర్ మొత్తం బానిసత్వంలో ఉన్నవాళ్ల గురించే. ఆ గోడల మీద వరసగా చెక్కిన పేర్లు చదువుతూ నడవడానికే గంట పట్టింది నాకు.

మన తెలుగువాళ్లకి దీంతో ఏం సంబంధం?

సంబంధం లేకపోయినా చూడాలి. ఉంది కాబట్టి చెప్తున్నాను. డచ్చివాళ్లు 17వ శతాబ్దంలో మచిలీపట్నం, పులికాట్ వైపు కోరమాండల్ తీరంలో వ్యాపారం చేసిన రోజుల్లో బట్టలతో పాటు మనుషుల్ని కూడా కొని ఓడలెక్కించారు. కరువు సంవత్సరాల్లో ఎక్కువగా. దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌లో, బానిసత్వంలో ఉన్నవాళ్లని ఉంచడానికి ఆ డచ్చివాళ్లే 1679లో కట్టిన స్లేవ్ లాడ్జ్ ఇప్పుడు మ్యూజియం. అక్కడ ఉంచినవాళ్లలో ఇండియా నుంచి తెచ్చినవాళ్లూ ఉన్నారు.

మారిషస్‌లో 1835లో బానిసత్వం రద్దయ్యే వేళకి చెరకు తోటలకి కూలీలు కావాల్సి వచ్చి కోరంగి, విశాఖ, మద్రాసు రేవుల నుంచి మనవాళ్లని ఒప్పందం మీద తీసుకెళ్లారు. వాళ్లు దిగిన ఆప్రవాసీ ఘాట్ 2006 నుంచి యునెస్కో జాబితాలో ఉంది. ఒప్పందపు కూలీ, బానిసత్వం రెండూ ఒకటి కావు, కలిపేసి మాట్లాడకూడదు. ఒకదాని వెనక ఒకటి వచ్చాయన్నది మాత్రం నిజం.

హైదరాబాద్‌లో ఏసీ గార్డ్స్ మీదుగా ఎన్నిసార్లు వెళ్లి ఉంటారు? ఏసీ అంటే ఆఫ్రికన్ కావల్రీ. నిజాం కొలువులో ఆఫ్రికన్ అశ్వదళం ఉన్న చోటు, వాళ్ల వారసులు ఇప్పటికీ అక్కడ ఉన్నారు. పదేళ్లు ఆ పక్కనే ఉండి కూడా నాకు ఆ పేరుకి అర్థం ఇక్కడికొచ్చాకే తెలిసింది.

పిల్లల్ని తీసుకెళ్లొచ్చా?

తీసుకెళ్లండి. ఎనిమిదేళ్లు దాటితే బాగా అర్థమవుతుంది. కొట్టడాలు, గొలుసుల గురించి మీరే ముందుగా మొదలుపెట్టక్కర్లేదు. "నీ వయసు పిల్లలు ఇక్కడ రోజంతా ఏం చేసేవాళ్లో అడుగు" అని గైడ్ దగ్గరికి పంపండి చాలు.

స్టాగ్‌విల్‌కి వెళ్తే ఎలా ప్లాన్ చేసుకోవాలి?

టికెట్ లేదు. తెరిచే రోజులు, టూర్ టైమింగ్స్ ముందు రోజు సైటులో చూసుకోండి. రెండు మూడు గంటలు పెట్టుకోండి, వేసవిలో అయితే పొద్దున్నే, ఎండ బాగా ఉంటుంది. పెద్దిల్లు, హార్టన్ గ్రోవ్ పక్కపక్కన ఉండవు, మధ్యలో మళ్లీ కారెక్కాలి. చాలామంది పెద్దిల్లు చూసి, ఫోటో దిగి, అలిసిపోయి వెళ్లిపోతారు. మీరు టూర్‌లో చివరిదాకా ఉండండి. 1860లో బానిసత్వంలో ఉన్న వడ్రంగులు కట్టిన పెద్ద కొట్టం హార్టన్ గ్రోవ్ దగ్గరే ఉంది, 135 అడుగుల పొడవు, లోపలికెళ్లి తలెత్తి దూలాలు చూడండి. ఇళ్ల దగ్గరికొచ్చాక చిమ్నీ ఏ పక్కన గుర్తులున్నాయో గైడ్‌ని అడగండి, అడక్కపోతే దాటిపోతారు. గుర్తుల మీద మాత్రం చెయ్యి పెట్టకండి, పాత ఇటుక, అరిగిపోతుంది. మా అత్తయ్యలా పక్కన పెట్టి చూసుకోండి.